మూరెడు చురకత్తి

"గవ్వలు కింద పెట్టేయండి ఉమాశ్రీ గారూ. ఈ దెబ్బ మీరు కాచుకోవడానికి లేదు," అన్నాడు మణిశంకర్.

అప్పటికే ఉమాశ్రీ ఎనిమిది గవ్వలూ గుప్పిట్లోకి తీసుకుని, గలగలా ఆడిస్తూ చాప మీదికి వంగింది. ఆ మాటతో చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎందుకు లేదండీ?"

"మూర సూత్రమండి. భైరవుడి బల్లెం నాలుగు మూరలు. మీ గోగులమ్మ చురకత్తి మూరెడు. తేడా మూర దాటితే పొట్టి ఆయుధంతో పొడుగు ఆయుధం దెబ్బ కాచుకోవడం కుదరదు. మీకు తెలియందేముంది?"

తెలుసు. మూడేళ్ళుగా తెలుసు. తెలిసినా ప్రతిసారీ చెయ్యి గవ్వల మీదికి వెళ్తూనే ఉంటుంది, ప్రతిసారీ మణిశంకర్ అదే మర్యాదతో వద్దంటూనే ఉంటాడు. మర్యాదగా వద్దనేవాడి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

అది తొంభై ఎనిమిది, ఆషాఢం. అమలాపురంలో మణిశంకర్ వాళ్ళు అద్దెకున్న మేడమీద వరండాలో, వాన జల్లు తగలకుండా చాప గోడ వారకి లాక్కుని నలుగురు కూర్చున్నారు. మణిశంకర్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. అశోక్‌ది షామియానాల సప్లయి. జగన్నాథరావు గారు ఆర్టీసీ డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. ఉమాశ్రీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు బోర్డు ఆపరేటరు. ఈ నలుగురూ ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుని ఆడే ఆట ఏమిటో ఊళ్ళో ఎవరికీ బోధపడలేదు. గవ్వల చప్పుడు విన్న కింద వాటావాళ్ళు ప్రశ్న చెబుతున్నారనుకుని, ఓసారి వాళ్ళమ్మాయి జాతకం పట్టుకుని పైకొచ్చేశారు.

ఆట మరేం కాదు, మాటలతో ఆడేది. ఒక్కొక్కరికీ ఒక్కో పాత్ర ఉంటుంది. ఉమాశ్రీ గోగులమ్మ, అశోక్ గండయ్య అనే పొడుగు కత్తి వీరుడు, జగన్నాథరావు గారు ఉప్పు వర్తకుడు సూరయ్య. "నేను గోడ దూకుతాను" అని ఎవరైనా అంటే, దూకగలిగారో లేదో గవ్వలు చెబుతాయి. ఎనిమిదింటిలో అయిదుకి తగ్గకుండా వెల్లకిలా పడితే దూకినట్టు, లేకపోతే కాలు విరిగినట్టు. మిగతా లోకమంతా, అంటే దారిలో దొంగలూ కోటలో సైనికులూ పూటకూళ్ళమ్మలూ, అందరూ మణిశంకరే. అందుకే అతన్ని సూత్రధారి అనేవారు. వాల్తేరులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఎవరి దగ్గరో ఉన్న ఇంగ్లీషు రూల్సు పుస్తకం జిరాక్సు తీయించుకున్నాడు. ఇంటికొచ్చాక దాన్ని తెలుగు చేశాడు. నిప్పులు కక్కే పాముల్ని తీసేశాడు, అడుగుల్ని మూరలు చేశాడు, ప్రాణబలానికి ఊపిరులని పేరు పెట్టాడు. ఆ పుస్తకం అడిగిన ఇరవై ముఖాల పాచిక కాకినాడలో కూడా దొరక్క వాళ్ళమ్మ వైకుంఠపాళి గవ్వలు తెచ్చేశాడు.

"ఎవరి మూరండీ?" అంది ఉమాశ్రీ ఉన్నట్టుండి.

"మూరంటే మూరే కదండీ."

"అదెలా అవుతుంది? పూలమ్మే పాపాయి మూరా, మీ మూరా? పాపాయి కొలిచిన రెండు మూరల దండ నా జడలో సగానికి రాదు. మీరేమో ఆరడుగుల మనిషి. మీ మోచేతి నుంచి కొలిచేసి నా కత్తి మూరెడే అంటే నేనెలా ఒప్పుకుంటానండీ? నా మూరతో కొలవండి, మూర మీద బెత్తెడు వస్తుంది."

"కొలుద్దామండి. అప్పుడు బల్లెం అయిదు మూరలవుతుంది. తేడా ఇంకా పెరుగుతుంది," అన్నాడు మణిశంకర్ నెమ్మదిగా.

అశోక్ పగలబడి నవ్వాడు. జగన్నాథరావు గారు కళ్ళజోడు తుడుచుకునే నెపంతో తలొంచుకున్నారు. ఉమాశ్రీకి ఒళ్ళు మండిపోయింది. కోపంలో ఉన్న మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. పట్టుకున్నది కాస్తా ఊడి చేతికొచ్చేస్తే ఇక చెప్పేదేముంది? గవ్వలు చాప మీద పెట్టేసింది.

"గోగులమ్మకి బల్లెం భుజంలో దిగిందండి. ఒక ఊపిరి పోయింది. ఇంకా రెండున్నాయి," అన్నాడు మణిశంకర్.

కేలండరు వెనకవైపు గీసిన పటంలో ఉప్పుకోట ద్వారం, దాని ముందు కందకం మీద సన్నటి వంతెన. ద్వారం దగ్గర బల్లెం పట్టుకుని భైరవుడు, అతని ఎదుట గోగులమ్మ, ఆమె వెనక సూరయ్య. వంతెన రెండో చివర తరుముకొచ్చే సైనికుల్ని గండయ్య ఒక్కడే ఆపుతున్నాడు. ఆట సరిగ్గా అక్కడికొచ్చేసరికి మణిశంకర్ వాళ్ళమ్మ లలితాంబ గారు పునుగుల పళ్ళెం తెచ్చి పటం మీదే పెట్టేశారు. కోటా కందకమూ పళ్ళెం కిందికి పోయాయి.

"మిగతాది వచ్చే ఆదివారం," అన్నాడు మణిశంకర్.

"వచ్చే ఆదివారమే నాకు ఆఖరండి," అంది ఉమాశ్రీ పునుగు విరుస్తూ. "మా బోర్డు ఎత్తేస్తున్నారు. నన్ను సామర్లకోట వేశారు. ఆ మర్నాడే చేరాలి."

సామర్లకోట కాశీ రామేశ్వరం కాదు. కానీ వరద రోజుల్లో కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఆపేస్తారు, రావులపాలెం చుట్టూ తిరిగి రావాలి. అక్కడ ఆదివారాలు కూడా డ్యూటీలు పడతాయి. వస్తాననడం ఆమెకీ, రమ్మనడం వీళ్ళకీ ఉత్తుత్తి మాటలే అవుతాయి.

"అప్పుడప్పుడూ వస్తుండమ్మా," అన్నారు జగన్నాథరావు గారు, అయినా అనకుండా ఉండలేక.

"నేను రాకపోయినా ఫరవాలేదండి, గోగులమ్మ ఉండాలి," అంది ఉమాశ్రీ.

ఆ మాట అందరికీ అర్థమైంది. ఆటలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి ఊరు వదిలి వెళ్ళినా, బతికున్న పాత్ర ఆ లోకంలోనే ఉండిపోతుంది. అంతకుముందు ఏడాది విశ్వనాథ్ అని ఒకతను బ్యాంకు ఉద్యోగం మీద వెళ్ళిపోయాడు. అతని పాత్ర పడవవాడు. ఇప్పటికీ ఆటలో ఏరు దాటాల్సొస్తే మణిశంకర్ విశ్వనాథ్ గొంతు పెట్టి "రేవు కట్టేశామండీ, రేపు రండి" అని విసుక్కుంటాడు, అందరూ విశ్వనాథ్‌ని తలుచుకుని నవ్వుతారు. చనిపోయిన పాత్ర మాత్రం మళ్ళీ రాదు. దాని పేరెత్తరు కూడా.

"గోగులమ్మని ప్రాణాలతో వదిలి వెళ్ళాలండి నేను. భైరవుడి ముందు ఊరికే నిలబెట్టి చంపేస్తే ఒప్పుకోను," అంది.

"మనిషిని బట్టి రూలు మార్చేస్తే అది ఆట కాదు కదండీ."

"మార్చమని ఎవరన్నారు? తప్పని చూపిస్తాను."

"చూపించండి. చూపిస్తే మార్చేద్దాం," అన్నాడు మణిశంకర్. ఫిజిక్స్ చెప్పేవాడు అంతకంటే ఏమంటాడు?

*

సోమవారం పొద్దుట డ్యూటీ. ఎక్స్ఛేంజిలో ట్రంకు బోర్డు ఉమాశ్రీకి ఎదురుగా గోడలా నిలబడి ఉండేది. దాని నిండా కన్నాలు, ఒక్కో కన్నం ఒక్కో ఊరు. ముందు బల్లలోంచి జతలు జతలుగా తాళ్ళు, చివర ఇత్తడి ప్లగ్గులు. లాగితే వస్తాయి, వదిలితే కింద బరువు లాగేసి వాటి చోటుకవే వెళ్ళిపోతాయి. చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని, పిలుపొచ్చిన కన్నంలో ఒక ప్లగ్గు, అడిగిన ఊరి కన్నంలో దాని జత ప్లగ్గు గుచ్చితే ఇద్దరు మనుషులు కలుస్తారు. ఈ పని తొమ్మిదేళ్ళుగా చేస్తోంది. ఇప్పుడు ఎవరి ఫోనులో వాళ్ళే నంబరు నొక్కుకుంటున్నారు. కన్నాలు చాలామటుకు ఖాళీ. రోజంతా కూర్చుంటే పాత అలవాటు మానలేని ముసలివాళ్ళు నలుగురు పిలిస్తే గొప్ప.

ఉమాశ్రీ నాలుగడుగుల పదంగుళాలు. పై వరసలో ఉన్న కాకినాడ లైను మిగతావాళ్ళకి కూర్చున్నచోటే అందేది. ఆమె మాత్రం కుర్చీ అంచుకి జరిగి, ఎడమచేత్తో బల్ల పట్టుకుని, సగం లేచి, తల బోర్డుకి తగిలేంత దగ్గరికి వెళ్ళి గుచ్చేది. కొత్తల్లో సూపర్‌వైజరు "బోర్డులో కాపరం పెడతావేంటమ్మా" అని వెక్కిరించేవాడు. కొన్నాళ్ళకి అతనే అందరికీ "ఉమాశ్రీ కాల్ తెగదు" అని చెప్పడం మొదలుపెట్టాడు. దగ్గరికి వెళ్ళి గుచ్చిన ప్లగ్గు వదులుగా ఉండదు మరి.

"కాకినాడ ఇవ్వమ్మా, ఆస్పత్రికి. మా అమ్మాయి పురిటికెళ్ళింది," అంది చెవిలో ఒక పెద్దావిడ గొంతు.

"ఉండండి, కలుపుతున్నాను," అంటూ అలవాటుగా లేచి బోర్డు మీదికి వంగింది. ప్లగ్గు గుచ్చి, అవతల ఎవరో "హలో" అన్నాక కూడా ఆ వంగడం వంగడం అలాగే ఉండిపోయింది.

నువ్వు పొట్టిదానివి, కాకినాడ నీకు అందదు, ప్లగ్గు కింద పెట్టెయ్ అని ఇక్కడెవరూ అనలేదు. అందకపోతే ఏం చేసింది తను? దగ్గరికి వెళ్ళింది. అంతేగా?

*

బుధవారం డ్యూటీ దిగి తిన్నగా అశోక్ షెడ్డుకి వెళ్ళింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి షామియానాలన్నీ ఇంటిపట్టునే ఉన్నాయి. రేకుల షెడ్డు నిండా తడి గుడ్డ వాసన. వెదుళ్ళు పొడుగు ప్రకారం గోడకి చేరేసి ఉన్నాయి. అశోక్ బనీనుతో బాసింపట్టు వేసుక్కూర్చుని, చిరిగిన షామియానాని దబ్బనంతో కుడుతున్నాడు. ఆమెని చూసి గబగబా చొక్కా తొడుక్కున్నాడు.

"మీరొక వెదురు పట్టుకుని నన్ను పొడవాలండి," అంది ఉమాశ్రీ.

"ఏంటండీ?"

"భైరవుడిలా. నేను చిన్న ముక్క పట్టుకుంటాను. మీరు దసరాకి కర్ర తిప్పేవారు కదా?"

అశోక్ తల గోక్కున్నాడు. దసరా ఊరేగింపులో వీధి వీధీ కత్తులూ కర్రలూ తిప్పుకుంటూ వెళ్ళే చెడీ తాలింఖానాలో అతనూ కుర్రతనంలో తిప్పినవాడే. "అది వేరండి. అక్కడ ఎవరు ఎటు తిప్పాలో నెల్లాళ్ళు ముందే అనుకుంటాం. నిజంగా తగిలిందంటే మా గురువు వీపు చీరేసేవాడు. పైగా ఆడవాళ్ళ మీద కర్రెత్తడమేంటండీ, మా ఆవిడ చూస్తే నన్నెత్తేస్తుంది."

"మీ ఆవిడకి నేను చెబుతాను. లేవండి."

లేచాడు. తన చేత్తో కొలిచి నాలుగు మూరల వెదురు ఏరి, చివర పాత గుడ్డ చుట్టి పురికొసతో కట్టాడు. ఉమాశ్రీ చెంగు బొడ్లో దోపుకుని మూరెడు వెదురుముక్క పట్టుకుంది. అశోక్ మొహమాటంగా పొడిచాడు. భుజానికి తగిలింది. మళ్ళీ పొడిచాడు. కడుపులో తగిలింది. ఆమె తన ముక్కని ఎలా అడ్డం పెట్టినా వెదురు దాని పక్కనుంచో కిందనుంచో వచ్చేస్తోంది. తిరిగి కొడదామంటే ఆమె ముక్క అతని దరిదాపులక్కూడా వెళ్ళడం లేదు.

"మాస్టారి రూలే కరెక్టు లాగుందండీ," అన్నాడు అశోక్ జాలిగా.

ఉమాశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది. మూడేళ్ళు అన్యాయమనుకున్నది న్యాయమేనని తేలితే ఆ బాధ వేరు. చెమట తుడుచుకుని మళ్ళీ నిలబడింది. ఎక్కడ నిలబడిందో చూసుకుంది. ప్రతిసారీ అదే చోటు. వెదురు కొస ఎక్కడికి వస్తుందో సరిగ్గా అక్కడ నిలబడి, అది రాకుండా ఆపాలని చూస్తోంది.

"ఇంకోసారి పొడవండి," అంది. ఈసారి వెదురు వస్తూండగానే ముందుకి అడుగేసింది. తొందరపడింది. తన నడక ఊపూ అతని పోటు ఊపూ కలిసి కొస డొక్కలో దిగిపోయింది. "అమ్మో" అని కూలబడింది. అశోక్ వెదురు పారేసి మంచినీళ్ళకి పరిగెత్తాడు.

"కర్ర ఎక్కడ పారేశారు? తీయండి," అంది ఊపిరి తిరిగాక.

నాలుగోసారో అయిదోసారో కుదిరింది. వెదురు కొస మొహం దాకా వచ్చినప్పుడు దాన్ని ఆపలేదు. తన ముక్కతో పక్కకి ఇలా తోసి, తోసిన ఊపులోనే లోపలికి అడుగేసింది. అంత పొడుగు వెదురూ ఆమె చెవి పక్కనుంచి వెళ్ళి వెనక పేర్చిన పెళ్ళివంటల గుండిగల మీద ఖంగుమంది. ఉమాశ్రీ అప్పటికే అశోక్ చొక్కా గుండీల దగ్గరుంది. అతను వెదుర్ని వెనక్కి లాగబోయాడు, గోడ తగిలింది. అడ్డం తిప్పబోయాడు, గుంజ తగిలింది. రెండు చేతుల్లోనూ వెదురుండి కూడా చెయ్యడానికి ఏమీ లేక నిలబడిపోయాడు. ఉమాశ్రీ వెదురుముక్కని అతని గుండీకి మెల్లగా ఆనించింది.

"చచ్చానండీ," అన్నాడు అశోక్ ఆశ్చర్యంగా. తరవాత ఇద్దరూ నవ్వారు. మూడేళ్ళుగా ఎదురెదురుగా కూర్చున్నా ఇద్దరే అంతసేపు నవ్వుకోవడం అదే మొదలు. ఇంకో ఆదివారంతో ఇదంతా అయిపోతుందని గుర్తొచ్చి ఉమాశ్రీ ముందుగా ఆపేసింది.

*

శుక్రవారం సాయంత్రం మణిశంకర్ ఇంటి పెరట్లో రెండో ప్రదర్శన జరిగింది. మామిడికాయలు కోసే దోటి అతని చేతికిచ్చి, లలితాంబ గారి అప్పడాల కర్ర తను తీసుకుంది. లలితాంబ గారు మెట్టు మీద కూర్చుని, "అప్పడాల కర్ర విరిగితే మాత్రం ఊరుకోనమ్మాయ్" అని ముందే చెప్పేశారు.

మణిశంకర్ దోటిని ముందుకి పొడిచాడు. ఉమాశ్రీ అప్పడాల కర్రతో దోటి కొసని ఊరికే తాకినట్టు పక్కకి నెట్టి, రెండడుగుల్లో అతని ముందుకొచ్చి నిలబడింది.

"ఉండండి, ఉండండి. మళ్ళీ చెయ్యండి," అన్నాడు అతను. ఈసారి రెండు చేతులతో దోటి మొదలు గట్టిగా బిగించి పట్టుకున్నాడు. ఉమాశ్రీకి ఏం తోచిందో, అప్పడాల కర్ర కూడా వదిలేసి రెండు వేళ్ళతో కొసని నెట్టింది. అంత దోటీ అతని బిగువుని లెక్కచెయ్యకుండా పక్కకి పోయింది.

మణిశంకర్ దోటి మొదలుకేసీ కొసకేసీ మార్చి మార్చి చూశాడు. "మొమెంటు," అన్నాడు చివరికి. "బందు దగ్గర తలుపు తొయ్యడం కష్టం, అంచు దగ్గర తేలిక. ఏటా ఇదే పాఠం చెబుతానండి. బల్లెం ఎంత పొడుగైతే దాని కొస అంత లొంగుతుంది, అది పట్టుకున్నవాడు అంత నిస్సహాయుడు." అతని మొహం వెలిగిపోతోంది. ఓడిపోయానని అతనికి తట్టనే లేదు. కొత్త లెక్క దొరికిన ఆనందమే తప్ప మరొకటి లేదు. ఉమాశ్రీకి అతని మీద మూడేళ్ళ కోపం ఆ ఒక్క నిమిషంలో పోయింది.

"అయితే పొట్టి ఆయుధానికి కూడా గవ్వలు వేసే హక్కిచ్చేద్దామండి," అన్నాడు. "అయిదు పడితే లోపలికి చొచ్చుకుపోయినట్టు. ఇక బల్లెం వాడు కాచుకోలేడు. పడకపోతే మామూలుగానే ఒక ఊపిరి పోతుంది."

ఉమాశ్రీ డొక్క తడుముకుంది. బుధవారం దెబ్బ ఇంకా సలుపుతూనే ఉంది.

"ఒకటి కాదండి, రెండు," అంది.

"రెండెందుకండీ?"

"లోపలికి అడుగేసి తప్పితే దెబ్బ రెట్టింపు తగులుతుంది. నాకు తగిలింది. ఉన్నదున్నట్టు ఉండాలి కదా."

మణిశంకర్ ఆమెకేసి చూశాడు. గోగులమ్మకి మిగిలింది రెండు ఊపిరులని ఇద్దరికీ తెలుసు.

"సరేనండి," అన్నాడు.

*

ఆదివారం మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. లలితాంబ గారు పునుగులకి తోడు రవ్వకేసరి కూడా చేశారు. ఎవరూ వీడ్కోలు మాటలెత్తలేదు. ఉమాశ్రీ పెట్టెలు సర్దుకుంది, బోర్డు దగ్గర శనివారమే ఆఖరి డ్యూటీ చేసింది. వైర్లు కోసేవాళ్ళు వచ్చి గోడవారగా బీడీలు కాల్చుకుంటూ ఆమె లేచేదాకా ఆగారు. ఆ సంగతి చెబుదామనుకుంది, చెప్పలేదు. పటం పరిచారు. గవ్వలు చాప మధ్యలో పోశారు.

మణిశంకర్ కొత్త సూత్రం చదివి వినిపించాడు. జగన్నాథరావు గారు చెవి ఒగ్గి విని, "న్యాయంగా ఉంది," అన్నారు.

"వంతెన మీద ఉన్నారండి," అన్నాడు మణిశంకర్ సూత్రధారి గొంతుతో. "భైరవుడు బల్లెం ఎత్తాడు. గోగులమ్మ భుజం నుంచి రక్తం కారుతోంది. ఒక్క మాట చెబుతాను. ఇప్పుడు గనక వెనక్కి తిరిగి కందకంలోకి దూకేస్తే అవతల గట్టున తేలుతుంది. బతుకుతుంది."

అది రూల్లో ఉన్న మాట కాదు. అతనికి చేతనైన సాయం అది. ఉమాశ్రీ పటం కేసి చూసింది. దూకితే గోగులమ్మ బతుకుతుంది, ఏ దారిలోనో వీళ్ళకి ఎదురవుతుంది, మణిశంకర్ తన గొంతు పెట్టి ఎవరినో కసురుతాడు, అందరూ తనని తలుచుకుంటారు. వారమంతా కోరుకున్నది అదే. కానీ ద్వారం తెరుచుకోకపోతే సూరయ్యా గండయ్యా వంతెన మీదే దొరికిపోతారు. వాళ్ళని వదిలేసి దూకినదాన్ని ఏమని తలుచుకుంటారు? పైగా మూడేళ్ళలో ఒక్కసారైనా దెబ్బ కాచుకోవడానికి ఆ గవ్వలు ఆమె చేతికి రాలేదు.

"కాచుకుంటానండి," అంది.

గవ్వలు తీసుకుంది. గుప్పిట ఆడించింది, ఎవరూ వద్దనలేదు. ఆ గలగల ఎంత బాగుందో ఆమెకి మాత్రమే తెలుసు. కావలసినదానికంటే ఇంకాస్త ఎక్కువసేపే ఆడించి, వేసింది.

నాలుగు వెల్లకిలా పడ్డాయి. మూడు బోర్లా. ఎనిమిదోది దొర్లుకుంటూ వెళ్ళి చాప అంచుకి ఆనుకుని, ఇటూ కాక అటూ కాక, పక్కకి ఒరిగి నిలబడింది.

"పడినట్టే! నోరు పైకుంది," అన్నాడు అశోక్.

"చాప అడ్డొచ్చింది కాబట్టి మళ్ళీ వెయ్యొచ్చమ్మా, తప్పులేదు," అన్నారు జగన్నాథరావు గారు.

తీర్పు చెప్పాల్సింది సూత్రధారి మణిశంకర్. పడిందని అతను అంటే ఒప్పుకోవడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. ఉమాశ్రీ మోకాళ్ళ మీద జరిగి, చెంప చాపకి ఆనేంత కిందికి వంగి ఆ గవ్వని చూసింది. చాలాసేపు చూసింది. తరవాత చూపుడువేలితో చాప అంచుని మెల్లగా కిందికి నొక్కింది. ఆసరా పోయిన గవ్వ బోర్లా పడింది.

"బోర్లాయేనండి," అంది.

మణిశంకర్ గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు సవరించుకున్నాడు. "గోగులమ్మ అడుగు ముందుకేసింది. బల్లెం గుండెల్లో దిగింది," అని ఆగి, "అయినా చురకత్తి వదల్లేదండి," అన్నాడు. ఆ ఆఖరి ముక్క ఏ రూల్లోనూ లేదు.

ఉమాశ్రీ తలూపింది. ఏడవకూడదనుకుంది గాని కళ్ళు ఆమె మాట వినలేదు. మాటలతో అల్లిన మనిషి కోసం ఇంత ఏడుపేంటని ఎవరైనా అడిగితే ఆమె చెప్పగలిగేది కాదు. అక్కడ ఎవరూ అడగలేదు. అశోక్ కేసరి గిన్నె ఆమె వైపు జరిపి, తనే అందులోంచి తీసుకుని తినేశాడు, ఏం చేస్తున్నాడో తెలియనట్టు.

"నా వంతేనా మాస్టారూ?" అన్నారు జగన్నాథరావు గారు.

అందరూ ఆయన కేసి చూశారు. మూడేళ్ళలో సూరయ్య ఒక్కసారి కూడా పోట్లాడలేదు. ఎప్పుడు ఏ గొడవొచ్చినా "నేను వెనకాల ఉంటానండి" అనడమే ఆయన ఆట.

"మీదేనండి. వెనక్కి దూకుతారా?"

"లేదండి. సూరయ్య వంగి, గోగులమ్మ చేతిలో చురకత్తి తీసుకున్నాడు. లేచి నిలబడ్డాడు."

"భైరవుడు బల్లెంతో పొడుస్తున్నాడండి. సూరయ్యకి ఉన్నవీ రెండు ఊపిరులే. ఏం చేస్తారు?"

జగన్నాథరావు గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. చాప మీద చెల్లాచెదురుగా పడి ఉన్న గవ్వల్ని ఒక్కొక్కటే ఏరుకున్నారు. బోర్లా పడ్డ ఆ ఆఖరిదాన్ని కూడా ఏరుకుని గుప్పిట మూశారు.

"గోగులమ్మ వేస్తున్నానండి," అన్నారు.

ఆ మాట ఆటలో అంతకుముందు లేదు. అయినా అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. మణిశంకర్ క్షణం ఆగి, "వెయ్యండి," అన్నాడు, ఎప్పటినుంచో వాడుకలో ఉన్న మాటకి జవాబు చెప్పినట్టు.

గవ్వలు పడ్డాయి. కళ్ళజోడు లేని జగన్నాథరావు గారికి ఏమీ కనబడక, "ఎన్నమ్మా? ఎన్ని?" అని ఉమాశ్రీని అడిగారు. ఉమాశ్రీ చెంగుతో కళ్ళు ఒత్తుకుని వంగి చూసింది. అలుక్కుపోయిన చూపుతో ఒకసారి, సరిగ్గా తుడుచుకుని ఇంకోసారి లెక్కపెట్టింది.

"ఆరండీ!" అని అరిచింది. "ఆరు! లోపలికెళ్ళిపోయారు! పొడవండి, ఇంక వాడు కాచుకోలేడు!"

జగన్నాథరావు గారు మోకాళ్ళ మీద లేచి, ఉత్త చెయ్యి బిగించి గాలిలో ఒక్క పోటు పొడిచారు. డెబ్భై ఏళ్ళకి దగ్గర పడుతున్న మనిషి ఆయన. భైరవుడు కూలిపోయాడనీ, ద్వారం తెరుచుకుందనీ మణిశంకర్ చెప్పే లోపలే అశోక్ ఎగిరి చాప మధ్యకి వచ్చేశాడు.

"ఇంక నా వంతు! ఇటు నలుగురు సైనికులున్నారు, నేను కూడా గోగులమ్మ వేస్తానండి!"

"మీకు లేదండి అశోక్ గారూ," అంది ఉమాశ్రీ, ముక్కు ఎగబీల్చి నవ్వుతూ. "మీది పొడుగు కత్తి."